మంచు కరిగాక వెళ్తానంది

మొన్న రిచ్‌మండ్ హిల్‌లో మనవాళ్లు జరిపిన మహిళా దినోత్సవానికి వెళ్లాను. భోజనాలకు ముందు తెర మీద ఫొటోలు వేశారు. ఈ మధ్యకాలంలో పోయిన ఆడవాళ్లను తలుచుకోవడమట. వాటిలో అక్క ఫొటో ఉంది. పట్టుచీర, జడలో పూలు, ఎవరి గృహప్రవేశంలోనో తీసింది. కింద బంగారురంగు అక్షరాలతో 'సహనానికి మారుపేరు' అని రాశారు. హాలంతా చప్పట్లు. అక్క భర్త ముందు వరసలోంచి లేచి, అందరివైపూ తిరిగి చేతులు జోడించారు.

నేను భోజనం చేయకుండానే బయటికొచ్చి కారులో కూర్చున్నాను.

ఆ మాట వింటే అక్క ఏమనేదో నాకు తెలుసు. "సహనమా, నా మొహమా! నోరు మూసుకుని పడున్నదానికి జనం ఇచ్చే బిరుదే అది" అనేది. అని, చేతి తొడుగు వెనకభాగంతో ముక్కు తుడుచుకునేది. చలిలో ఆవిడ ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉండేది. నాకు గుర్తున్న అక్క ఒంటి మీద పట్టుచీర లేదు. ఛాతీదాకా వచ్చే రబ్బరు ప్యాంటు, దాని మీద భర్త వాడి పారేసిన పాత జాకెట్, చెవుల మీదికి లాక్కున్న ఉన్నిటోపీ, టోపీ కింద చెక్కుచెదరని బొట్టు. నడుంలోతు నీళ్లలో నిలబడి, చేతిలో చేపల గాలం రాడ్ పట్టుకుని, నదిని తెనాలి భాషలో తిడుతూ ఉంటుంది.

నార్త్ యార్క్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో మా ఇద్దరివీ పక్కపక్క సీట్లు. నేను కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి, ఉద్యోగంలో కొత్తగా చేరినదాన్ని. ఆవిడకి యాభై దాటాయి. మొదటిరోజు "ఆంటీ" అన్నాను. కంప్యూటర్ మీంచి చూపు తిప్పకుండానే, "ఇంకోసారి ఆంటీ అన్నావంటే నీ కోడ్‌లో తప్పులన్నీ మేనేజర్‌కి చూపిస్తా" అంది. మేం రాసినవాటిలో తప్పులు వెతకడమే ఆవిడ ఉద్యోగం. అప్పట్నుంచి నాకు అక్కే.

ఆఫీసు ఫ్రిజ్ అడుగు అరలో ఆవిడది ఒక ఆవకాయ సీసా ఉండేది. ఒకరోజు మా టీమ్‌లో హైదరాబాద్ అబ్బాయి ఒకతను, పెరుగన్నంలోకి కాస్త నంజుకుందామని మూత తీసి కెవ్వుమన్నాడు. లోపల ఉన్నవి చేపగుడ్లు. చిన్నచిన్న వలగుడ్డ ముక్కల్లో గులాబీరంగు మూటలుగా కట్టి దాచుకుంది. చలికాలంలో స్టీల్‌హెడ్ చేపకు అదే ఎర.

"ఇంట్లో పెట్టుకోవచ్చు గదక్కా?" అన్నాను.

"మా ఇంట్లో ఫ్రిజ్ కూడా మడి కట్టుకుంటుంది" అంది.

భర్త ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. అసలు అక్క కూడా పుట్టి బుద్ధెరిగాక నీచు ముట్టని మనిషే. పట్టిన ప్రతి చేపనూ మళ్లీ నీళ్లలోనే వదిలేసేది. తిననిదాన్ని పట్టడమెందుకని ఎవరైనా వెటకారం చేస్తే, "గోల్ఫ్ ఆడేవాళ్లు బంతిని తింటున్నారా?" అనేది.

ఒక జనవరిలో నా కాంట్రాక్ట్ పొడిగించలేదు. వర్క్ పర్మిట్ గడువు దగ్గరపడుతోంది, శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ సంగతి తేలలేదు. కాండో ఫ్లాట్‌లో కర్టెన్లు వేసుకుని పడుకున్నాను. ఫోన్లు ఎత్తడం కూడా మానేశాను. ఒక శనివారం పొద్దున అక్క వచ్చి తలుపు బాదింది. చేతిలో ఇంకో జత రబ్బరు ప్యాంటు.

"లే. థర్మల్స్ ఒకదాని మీద ఒకటి వేసుకో."

"ఎక్కడికక్కా? బయట మైనస్ పద్దెనిమిది ఉన్నది."

"లోపలెంతుంది?" అంది, నా మంచం వైపు చూస్తూ.

లేచాను. వెళ్లాను.

ఉత్తరంగా పోయి, పెద్ద సరస్సు పాయైన జార్జియన్ బేలో కలిసే నది అది. ఒడ్డు వెంబడి ఐసు పలకలు కట్టి, నడుమ మాత్రం నల్లటి నీళ్లు కదులుతుంటాయి. స్టీల్‌హెడ్ అంటే పెద్ద సరస్సులో బతికి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కే ట్రౌట్ చేప. చలికాలంలో అది లోతైన మడుగుల అడుగున కదలకుండా పడుంటుంది. మూతి ముందుకి ఎర వచ్చినా నోరు తెరవడానికి బద్ధకిస్తుంది. అందుకని, గాలానికి కట్టిన బెండును నీటివాలుకి వదలడం, అది మడుగు చివరిదాకా పోయేవరకు చూడటం, వెనక్కి లాగడం, మళ్లీ వదలడం. రోజంతా అంతే. చాలా రోజులు ఏమీ పడదు.

దారం జారే రింగుల్లో నీటిబొట్లు చూస్తుండగానే గడ్డకట్టేవి. మిగతావాళ్లు వేళ్లతో నలిపి ఆ ఐసు రాల్చేవాళ్లు. అక్క రాడ్ కొసను నోట్లో పెట్టుకుని, పుల్లైసు చప్పరించినట్టు చప్పరించి, తుపుక్కున ఉమ్మి, ఒక తిట్టు తిట్టి, మళ్లీ గాలం వేసేది. "నీ దుంప తెగ", "నీ జిమ్మడ", "నీ మొహానికి ఐసొకటి తక్కువైందా?" గాలిని తిట్టేది, బెండును తిట్టేది, తడవవని చెప్పి అమ్మిన చేతి తొడుగులను తిట్టేది. ఎప్పుడూ అక్కడికొచ్చే ముసలాయన ఒకరు నన్ను పక్కకు పిలిచి, మీ స్నేహితురాలు చాలా భక్తురాలనుకుంటాను, ఎప్పుడూ ప్రార్థన చేస్తూనే ఉంటుంది అన్నారు. అక్కకి చెబితే నవ్వలేక నీళ్లలో పడబోయింది.

ఆ రోజు కాసేపటికే నా పాదాలు మొద్దుబారాయి.

"అక్కా, కాళ్లు ఉన్నయో లేవో తెలుస్తలేదు. ఎట్ల నిలబడతవు నువ్వు?"

"ముందు చలేస్తోందని ఒప్పుకో. వేయట్లేదని బింకం పోయేవాళ్లే ముందు కారెక్కుతారు. ఒప్పుకుని, గట్టిగా తిట్టి, ఇంకొక్కసారి వెయ్యి. సాయంత్రం దాకా నిలబడాలి అనుకోకు, చచ్చిపోతావ్. బెండు ఆ వంగిన చెట్టు దాకా పోతుంది కదా, అక్కడిదాకా ఉందామనుకో. అంతే."

"చెట్టు దాకా పోయినంక?"

"ఇంకొక్కసారి."

అలా ఆ చలికాలం గడిపాను. ఉద్యోగాలకు అప్లై చేయడం కూడా ఆ లెక్కనే చేశాను, ఈ ఒక్కటీ పంపేదాకా, ఇంకొక్కటి. వేసవి ముందు ఉద్యోగం వచ్చింది. ఆవిడ పద్ధతి మీద నాకు అప్పట్లో గొప్ప గురి.

ఈ పిచ్చి ఎలా పట్టుకుందో ఒకరోజు కారులో చెప్పింది. హీటర్ ముందు చేతులు చాచి, ఫ్లాస్కులో టీ తాగుతున్నాం.

"మా ఆయనకి కోపమొస్తే మాట్లాడ్డం మానేస్తాడు. వారాలు. ఎందుకొచ్చిందో నేనే కనుక్కోవాలి. ఒకోసారి కూరలో ఉప్పు, ఒకోసారి వాళ్లక్కతో ఫోన్లో ముభావంగా ఉన్నానని. ఓసారి ఎంత ఆలోచించినా తెలీలా. తిక్కపుట్టి కారేసుకుని ఎటో వచ్చేశా. ఇక్కడ వంతెన మీద ఆగితే, కింద ఒకడు నీళ్లలో నిలబడున్నాడు. ఉలుకూ పలుకూ లేదు. కిటికీలోంచి అలా చూస్తూ కూర్చున్నా. మనిషి ఇంతసేపు నోరు మూసుకునుండేది ఎదుటివాళ్లని ఏడిపించడానికే కాదన్నమాట, అనిపించింది. పెళ్లయి అన్నేళ్లయ్యాక తెలిసింది నాకా సంగతి."

టీ కప్పు దులిపి, "పద, ఇంకొక్కసారి" అంది.

వాళ్లింటికి నేను వెళ్లింది ఒకసారే, ఒక ఆదివారం భోజనానికి. ఇంకో రెండు కుటుంబాలు కూడా వచ్చాయి. అక్క భర్తని చెడ్డవాడని ఎవరూ అనరు. తాగడు, గొంతు పెంచడు, అందరినీ పేరుపేరునా పలకరిస్తాడు, కొత్తగా వచ్చిన పిల్లలకు రెజ్యూమేలు దిద్దిపెడతాడు. వడ్డిస్తూ వడ్డిస్తూ అక్క ఏదో ఉత్సాహంలో, "మొన్న నదిలో ఇంత సాల్మన్..." అని చేతులు చాపింది.

"సామన్," అన్నారాయన, నవ్వుతూ. "ఎల్ పలకదు. పాతికేళ్ల నుంచీ చెబుతున్నాను." మావైపు తిరిగి, "మా ఆవిడ ఐసులో నిలబడి చేపల్ని పలకరించి వస్తుందండీ. పాపం, అవి ఆ ఇంగ్లీషు ఎలా తట్టుకుంటున్నాయో!"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. చాపిన చేతులు దించి, "పెరుగు వేయనాండీ?" అని అడిగింది. అంత సన్నటి గొంతు ఆవిడలో ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. చేప ఎంతుందో ఎవరూ అడగలేదు.

గోడ మీద కూతురి గ్రాడ్యుయేషన్ ఫొటో ఉంది. ఆ అమ్మాయి హాలిఫాక్స్‌లో ఉద్యోగం చేస్తుంది. యూనివర్సిటీకి వెళ్తూ, తనతో వచ్చేయమని తల్లిని బతిమాలిందట. అక్క, నీ చదువు అయ్యేదాకా ఆగు అందట. చదువయ్యాక, నీ ఉద్యోగం కుదురుకోనీ అందట. ఆ తర్వాత ఆ పిల్ల అడగడం మానేసింది, ఇంటికి రావడమూ మానేసింది.

"అది నాలాంటిది కాదులే. దానికి ఓపిక తక్కువ" అంది అక్క, ఒకసారి నదిలో. గర్వంగానే అంది.

పోయిన ఏడాది ఫిబ్రవరి చివర్లో కలిసి వెళ్లడమే ఆఖరు. మధ్యాహ్నం, ఎండ ఉన్నా వెచ్చదనం లేదు. బెండు ఠక్కున మునిగింది. అక్క రాడ్ ఎత్తగానే అది విల్లులా వంగింది. చేప ఐసు పలక కిందికి దూరాలని చూస్తోంది, అక్క పోనివ్వడం లేదు. ఒడ్డున ఉన్నవాళ్లు తమ గాలాలు లాక్కుని చోటిచ్చారు. చాలాసేపటికి అది అలసి పక్కకు వాలింది. నేను వల పట్టాను. వెండిరంగు ఒంటి మీద గులాబీ చార. అక్క తొడుగులు విప్పేసి, వట్టి చేతులతో కొక్కెం తీసి, తోక మొదలు పట్టుకుని, తల నీటివాలుకి ఎదురుగా ఉండేలా నీళ్లలోనే ఆనించి ఉంచింది. చేప మొప్పలు ఆడాయి. తోక ఒక్క విదిలింపు విదిలించి వెళ్లిపోయింది.

"పో, నీ దుంప తెగ, మళ్లీ ఎవడికీ దొరక్కు" అంది.

ఒడ్డుకి రాబోయి ఆగిపోయింది. మొహం పాలిపోయింది. దుంగ మీద కూర్చోబెట్టాను. రెండు భుజాల మధ్య నొప్పట, దవడ దాకా లాగుతోందట. ఈ చలికాలమంతా అప్పుడప్పుడూ వస్తూనే ఉందట.

"అక్కా, ఇప్పుడే ఎమర్జెన్సీకి పోదాం. నేను డ్రైవ్ చేస్తా."

"గాలం విసిరి విసిరి పట్టేసిందే. సీజన్ అయ్యాక చూపిస్తాలే."

"గుండెకు సంబంధించింది కావచ్చక్కా. నా మాట విను."

"వింటున్నాగా. అయ్యాక."

ఎంత చెప్పినా కదల్లేదు. చేతులు చంకల్లో పెట్టుకుని వేరే మాట ఎత్తింది.

"ఇక్కడే ఊళ్లో గది తీసుకున్నా. లాండ్రీ షాపు పైన. ఆఫీసుకి వారానికి రెండ్రోజులు వెళ్తే చాలు కదా, ఇక్కణ్నుంచి పోయొస్తా. ఎవరికీ చెప్పలా. పిల్లక్కూడా. వచ్చి ఉన్నాక చెబుతా, లేకపోతే నమ్మదు."

నాకు ఏడుపొచ్చింది. కౌగిలించుకున్నాను. "ఎప్పుడక్కా?"

"ఏప్రిల్లో."

"ఇప్పుడే పోరాదూ? రేపే? నేనొస్తా, సామాన్లు మోస్తా."

"బయటి మెట్ల నిండా ఐసు. ఈ మంచులో సామాన్లేంటే, పిచ్చిదానా. కరిగాక వెళ్తా. ఇన్నాళ్లున్నదాన్ని, ఇంకొక్క నెల."

మైనస్ ఇరవైలో నడుంలోతు నీళ్లలో నిలబడే మనిషి అన్నది ఆ మాట.

మార్చిలో పోయింది. ఇంకా మంచు పూర్తిగా పోలేదు. వంటింట్లో పడిపోయింది. ఈ సంగతి మాకు చెప్పింది ఆయనే, అంత్యక్రియలు జరిపిన ఫ్యునరల్ హోమ్‌లో, వచ్చిన ప్రతివాళ్లకూ అదే వరసలో చెప్పారు. తాను మేడ మీద ఆఫీసు మీటింగ్‌లో ఉన్నారట. కింద గిన్నెలు పడిన చప్పుడు వినిపించిందట. "మేమిద్దరం ఓ వారంగా మాట్లాడుకోవడం లేదండీ, మామూలే కదా సంసారాల్లో. కోపంతో విసిరేసిందనుకున్నాను. మీటింగ్ అయ్యాక దిగితే..." అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన కళ్లల్లో నిజంగానే నీళ్లున్నాయి. తర్వాత మైకు ముందు నిలబడి, ఆవిడ హాబీని తాను మొదట్నుంచీ ఎంకరేజ్ చేశానని చెప్పారు.

అది విని నల్ల కోటు వేసుకున్న ఒక అమ్మాయి లేచి బయటికి నడిచింది. గోడ మీది ఫొటోలో చూసిన మొహమే. నేను వెనకాలే వెళ్లాను. పార్కింగ్ లాట్‌లో, తెచ్చుకున్న కారు ఏదో మరిచిపోయినట్టు అటూ ఇటూ చూస్తోంది. నేనెవరో చెప్పాను.

"ఫిషింగ్ ఫ్రెండ్," అంది. ఆ పిల్ల మాట్లాడేది ఇంగ్లీషే. "అమ్మ ఫోన్లో చెప్పేది. మీరంతా అమ్మని మెచ్చుకుంటారు కదా, చలిలో ఎంతసేపైనా నిలబడుతుందని. నాకు అది తలుచుకుంటేనే ఒళ్లు మండుతుంది. నిలబడటం తప్ప తనకి ఏదీ రాలేదు."

ఫ్యునరల్ హోమ్ తలుపు వైపు చూసింది.

"మా అమ్మ జన్మలో ఒక చెంచా కూడా విసిరెయ్యలేదు. విసిరేసిందనుకున్నాడట!" నా వైపు తిరిగి అడిగింది. "నదిలో ఎలా ఉండేది? సంతోషంగా ఉండేదా?"

అబద్ధం చెప్పడం తేలికే. కానీ ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాను.

"లేదు. కోపంగా ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిడుతూనే ఉండేది. గాలిని, ఐసుని, చేపని, అన్నిటినీ."

"గట్టిగానా?"

"అవతలి ఒడ్డుకి వినపడేంత గట్టిగా."

ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నేనొక్కసారి కూడా వినలేదు" అంది.

అప్పుడు గది సంగతి చెప్పాను. నన్ను నమ్మలేదు. చూపిస్తానంటే, రేపే పోదామంది.

మర్నాడు వెళ్లాం. లాండ్రీ షాపు నడిపే పెద్దావిడే గది యజమాని. విషయం చెబితే గుమ్మంలోనే కూర్చుండిపోయింది. తర్వాత తాళం తెచ్చింది. బయటి మెట్ల మీద అక్కడక్కడా ఐసు మిగిలే ఉంది, కమ్మీ పట్టుకుని ఎక్కాం. లోపల కొత్త రంగు వాసన. గోడలకు ముదురు పసుపు. ఏ రంగు కావాలో అక్కే చెప్పిందని, పండు తెచ్చి చూపించిందని యజమానురాలు అంది. ఆ పండు పేరు ఆవిడకి గుర్తులేదు. మామిడిపండే అయ్యుంటుంది. కిటికీలోంచి నది కనపడలేదు. కనపడింది సూపర్ మార్కెట్ వెనకవైపు, పగిలిన అట్టపెట్టెలు.

గదిలో సామాను పెద్దగా లేదు. ఒక ప్రెషర్ కుక్కర్, అట్టపెట్టె కూడా విప్పలేదు. చాప. రెండు దిండ్లు. రెండో దిండు మీద కొత్త గలీబు, దానికి పిన్నీసుతో గుచ్చిన ఒక చీటీ: ఇంగ్లీషులో కూతురి ముద్దుపేరు.

ఆ పిల్ల చాప పరిచి కూర్చుంది. దిండు ఒళ్లో పెట్టుకుంది. నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. చాలాసేపటికి ఆ పిల్ల ఫోన్ మోగింది. తండ్రి. స్పీకర్‌లో పెట్టకపోయినా, ఆ గదిలో వేరే చప్పుడు లేదు కనుక ఆయన మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి. పురోహితుడు గారు వచ్చారట. చుట్టాలందరూ ఎదురుచూస్తున్నారట.

"ఎక్కడున్నావ్?" అని అడిగారు.

"అమ్మ ఇంట్లో," అంది, తెలుగులో.

"ఏ గదిలో? ఇల్లంతా వెతికాం. ఇంట్లో ఎక్కడా లేవు కదా!"

"ఆ ఇల్లు మీది నాన్నా."